పన్నెండు గంటల వంట

2023 మార్చిలో ఒక ఆదివారం. తెల్లవారుజామున నాలుగున్నర. నార్త్ కరోలినాలో, రాలీ నగర శివార్లలో ఉన్న మా ఇంట్లో అందరూ నిద్రపోతుండగా, ఎనిమిది పౌండ్ల పంది జబ్బను, అంటే మూడున్నర కిలోలకు పైమాటే, ఓవెన్లోకి నెట్టి తలుపు చప్పుడు కాకుండా మూశాను. సొంత ఇంట్లో దొంగలా అంత జాగ్రత్త ఎందుకంటే, పై గదిలో మా అమ్మ నిద్రపోతోంది. ఆవిడ ఇండియా నుంచి వచ్చి అప్పటికి మూడు వారాలు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ పంది మాంసం ఈ గడప దాటకూడదన్నది మా ఇంట్లో ఎవరూ పైకి అనని ఒప్పందం. ఆ ఒప్పందాన్ని నేను ఆవేళ తప్పాను.

తప్పడానికి కారణం ఉంది. మా పక్కింటి పెద్దాయన భార్య అంతకు పది రోజుల ముందు పోయింది. శనివారం ఖననం జరిగింది. చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగులు వండి పట్టుకెళ్ళడం అమెరికా దక్షిణాదిన గట్టి ఆనవాయితీ. ఆ విషయంలో వాళ్ళకూ మనకూ తేడా లేదు. మన ఊళ్ళలోనూ శవం లేచిన ఇంట పొయ్యి వెలిగించరు, పక్కవాళ్ళే అన్నం పంపిస్తారు. ఆ పది రోజులూ ఆయన ఇంటికి వచ్చిన వంటకాలకు లెక్కలేదు. కానీ శనివారం సాయంత్రానికి బంధువులు ఒక్కొక్కరే కార్లెక్కారు. జనం వెళ్ళిపోయాక వచ్చే మొదటి పూటే అన్నిటికన్నా కష్టమని అమ్మ తరచూ అంటుంది. ఆ పూటకు ఆయనకు ఏదైనా వండిపెట్టాలనుకున్నాను. పద్నాలుగేళ్ళుగా ఆయన మాకు పెట్టింది, ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒక్కటే వంట: పుల్డ్ పోర్క్. దానికి తోడు కోల్‌స్లా, మెత్తటి బన్నులు.

ఇది చదువుతున్న మీలో కొందరు ఈపాటికే ముక్కు చిట్లించి ఉంటారు. మిమ్మల్ని తప్పు పట్టలేను. మన భాషలో పంది అనేది జంతువు కావడానికి ముందే ఒక తిట్టు. సింహాచలం వెళ్ళి వరాహ నరసింహుడికి చేతులెత్తి మొక్కే నోటితోనే ఆ తిట్టు తిడతాం. మాది శాకాహారుల ఇల్లేమీ కాదు. ఆదివారం కోడి, పండక్కి మేక, వేసవిలో చేపలూ మామూలే. పంది మాత్రం కూడదు. ఎందుకు కూడదో ఎవరూ చెప్పేవారు కాదు. చెప్పనక్కర్లేకుండానే అందరికీ తెలిసేది.

కృష్ణా డెల్టాలో మా ఊరు. ఊరి చివర చెరువుగట్టు దిగువన ఎరుకలవారి ఇళ్ళు పదో పన్నెండో ఉండేవి. ఈతబరికెలతో బుట్టలల్లడం, పందుల్ని పెంచడం వాళ్ళ జీవనం. ఐదో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్లవాడు అక్కడివాడే. లెక్కల్లో నాకన్నా చురుకు. ఒక కనుమ నాడు గట్టు మీద గాలిపటాలు ఎగరేస్తుంటే, వాడు ఇంట్లోకి పరుగెత్తి అరిటాకు ముక్కలో కాసిని కూర ముక్కలు పెట్టుకుని వచ్చి నాకు పెట్టాడు. తిన్నాను. మిరియాల ఘాటు, వెల్లుల్లి వాసన, నాలుక మీద పెట్టగానే కరిగిపోయే కొవ్వు. ఇంటికొచ్చి అదేదో గొప్పలా చెప్పాను. అమ్మ నన్ను నూతి దగ్గర నిలబెట్టి నెత్తిన చేదతో నీళ్ళు కుమ్మరించింది. తొడుక్కున్న చొక్కాను మిగతా బట్టల్లో కలపకుండా విడిగా ఉతికించింది.

అక్కడితో అయిపోతే అది అమ్మ కథ అయ్యేది. నా కథ మర్నాడు బడి తెరిచాక మొదలైంది. నేను నా పుస్తకాల సంచీ తీసుకుని ముందు వరసలోకి వెళ్ళి కూర్చున్నాను. అలా చెయ్యమని అమ్మ చెప్పలేదు, మాష్టారు చెప్పలేదు. నేనే లేచి వెళ్ళాను. వాడు ఎందుకని అడగలేదు. రెండేళ్ళ తర్వాత వాడు బడి మానేశాడు. ఏమయ్యాడో నాకు తెలియదు.

ఇక కరోలినా సంగతికి వస్తాను. ఈ రాష్ట్రంలో బార్బెక్యూ అంటే పంది మాంసమే. వేరే మాట చేర్చనక్కర్లేదు. అసలు ఆ మాట కరీబియన్ దీవుల్లోని టైనో జనులది; స్పానిష్ వాళ్ళ నోట బార్బకోవా అయి, ఇంగ్లీషులోకి వచ్చింది. పంది మాత్రం ఈ ఖండపు జంతువు కాదు. 1539లో హెర్నాండో డి సోటో ఫ్లోరిడా తీరంలో దిగినప్పుడు సైన్యంతో పాటు పందులను కూడా తోలుకొచ్చాడు. నిప్పుల గుంటపై మాంసాన్ని నిదానంగా కాల్చే పద్ధతి స్థానిక ఆదివాసులది, జంతువు ఐరోపాది, దక్షిణాది తోటల్లో రాత్రంతా ఆ గుంటల పక్కన మేలుకుని పొగలో కళ్ళు మండించుకున్నది చాలా చోట్ల ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. ఈ వంటకు రుచి తెచ్చిన చేతులు ఎక్కువగా వాళ్ళవే.

నార్త్ కరోలినాలో మళ్ళీ రెండు సంప్రదాయాలు. తూర్పున పందిని మొత్తంగా కాల్చి, మాంసాన్ని కత్తితో తరిగి, వెనిగర్, మిరియాలు, ఎండుమిరప కలిపిన పల్చటి పులుసు పోస్తారు. టమాటా ఛాయలకు కూడా రానివ్వరు. పడమట, లెక్సింగ్టన్ వైపు, జబ్బ ఒక్కటే కాలుస్తారు. పులుసులో కాస్త కెచప్ కలుపుతారు. కోల్‌స్లా కూడా మయోనైజ్ లేకుండా ఎర్రగా ఉంటుంది. ఈ రెండు పక్షాల తగువు మన గోంగూరలో ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అన్న తగువు లాంటిది. తీరదు, తీరాలని ఎవరికీ ఉండదు. 1984 నుంచి లెక్సింగ్టన్‌లో ఏటా అక్టోబరులో బార్బెక్యూ ఉత్సవం జరుపుకుంటున్నారు. తూర్పున ఐడెన్ అనే చిన్న ఊళ్ళో 1947లో మొదలైన స్కైలైట్ ఇన్ కట్టెల నిప్పుల మీద పందిని కాల్చే పాత పద్ధతికి పేరుపడింది.

మా పక్కింటాయన ఆ తూర్పు ప్రాంతంవాడే. నల్లజాతి రైతుకూలీల కుటుంబం. వాళ్ళ తాతగారి కాలంలో చుట్టూ పొగాకు పొలాలు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బ్యారన్లలో ఆరబెట్టే వర్జీనియా పొగాకే అక్కడా. ఆకు కోతలు పూర్తయ్యాక పొలాల యజమానులు విందు చేసేవారట. ఆయన తాతగారు రాత్రంతా గుంట పక్కన కూర్చుని పందిని కాల్చేవారట. తెల్లవారి విందు మొదలయ్యాక పెరటి గుమ్మం దగ్గర నిలబడి తన వాటా తినేవారట. ఇదంతా ఆయన ఏ బాధా లేని గొంతుతో, నిప్పులు కదుపుతూ చెప్పారు. నేను విన్నాను. నా చెరువుగట్టు కథ ఆయనకు చెప్పలేకపోయాను.

2009 జూలైలో, ఈ ఇల్లు కొన్న కొత్తలో, వాళ్ళ పెరట్లో మొదటిసారి ఆ శాండ్‌విచ్ తిన్నాను. మొదటి కొరుకులోనే మిరియం, నోట్లో కరిగే కొవ్వు. దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత అదే రుచి. నూతి దగ్గర నిలబడమని ఎవరూ అనలేదు. పైగా ఆ ఫొటోలు చూసిన మిత్రులు అమెరికా వంటలు బాగా అలవాటయ్యాయని మెచ్చుకున్నారు. గట్టు దిగువన తిన్నది మైల, రాలీలో తిన్నది నాగరికత. తేడా మాంసంలో లేదని తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అయినా నాకు అంత కాలం పట్టింది.

ఇంట్లో చెయ్యడానికి గుంటా కట్టెలూ అక్కర్లేదు. పొగ లేనిది బార్బెక్యూ కాదని ఆయన నిర్మొహమాటంగా చెబుతారు. ఓవెన్లో చేసిన దానికి ఆయన పెట్టిన పేరు 'ఉడకబెట్టిన మంచితనం'. అయితే మాంసం ఎంచుకోవడం, ఓపిక పట్టడం రెండింటికీ ఒకటే. ముందుకాలి పైన ఉండే జబ్బనే తీసుకోవాలి. దాన్ని ఇక్కడ బోస్టన్ బట్ అంటారు. ఎముకతో ఉన్నదైతే మేలు. రోజంతా పనిచేసే కండ కనుక గట్టిగా ఉంటుంది, లోపల నరాల్లా అల్లుకున్న పొరలుంటాయి. ముందు రోజు రాత్రే ఉప్పు రెండు పెద్ద చెంచాలు, బెల్లప్పొడి లాంటి బ్రౌన్ షుగర్ రెండు, పొగ పట్టించిన పాప్రికా రెండు, మిరియాల పొడి ఒకటి కలిపి అన్ని వైపులా పట్టించి ఫ్రిజ్‌లో ఉంచాను. తెల్లవారుజామున 250 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 120 సెల్సియస్ దగ్గర, కొవ్వు వైపు పైకి ఉండేలా ఓవెన్లో పెట్టాను.

లోపలి వేడి 145 డిగ్రీలకు చేరేసరికే మాంసం తినడానికి క్షేమమే. కానీ అప్పుడు తింటే రబ్బరు నమిలినట్టుంటుంది. గట్టి పొరల్లో ఉండే కొల్లాజెన్ నిదానంగా కరిగి జెలటిన్ కావాలి. మేక కాళ్ళ పులుసు తాగాక పెదవులు ఒకదానికొకటి అంటుకుంటాయే, ఆ బంకే ఇదీ. అందుకు 195 నుంచి 205 డిగ్రీల దాకా తీసుకెళ్ళాలి. అదీ హడావిడి లేకుండా. మధ్యలో ఒక చిత్రం జరుగుతుంది. 150, 160 డిగ్రీల మధ్య ఎక్కడో వేడి పెరగడం ఆగిపోతుంది. గంట, రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. థర్మామీటర్ పాడైందని మొదటిసారి నేను ఇంకొకటి కొనుక్కొచ్చాను. కారణం మన మట్టి కూజాదే. కూజా ఒంటి మీది చెమ్మ ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. అలాగే మాంసం లోపలి తేమ పైకి వచ్చి ఆవిరవుతూ, ఓవెన్ ఇచ్చే వేడిని ఇచ్చినట్టే పట్టుకుపోతుంది. తొందరపడి సెగ పెంచితే మాంసం ఎండిపోతుంది. ఊరుకోవాలి, లేదా ఫాయిల్‌లో గట్టిగా చుట్టాలి. ఈ చుట్టడాన్ని ఇక్కడివాళ్ళు టెక్సస్ ఊతకర్ర అంటారు.

అమ్మ ఆరున్నరకు కిందికి వచ్చింది. మెట్ల మీదే ఆగి వాసన పట్టింది.

"ఏం వండుతున్నావురా?"

అబద్ధం సిద్ధంగానే ఉంది. కానీ యాభై దాటిన వయసులో చెప్పడానికి సిగ్గేసింది. "పంది మాంసం" అన్నాను.

ఆవిడ మాట్లాడలేదు. కాఫీ గ్లాసు పట్టుకుని వెనక వసారాలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. మార్చి చలిలో శాలువా కప్పుకుని గంటసేపు అక్కడే కూర్చుంది. నేను ఓవెన్ దీపం వెలుగులో ఆ ముక్కనే చూస్తూ కూర్చున్నాను. తిరిగి వచ్చాక ఒకే మాట అడిగింది.

"ఎవరికి?"

"పక్కింటాయనకు."

పోయినావిడ అమ్మకు తెలుసు. అంతకు ముందు వచ్చినప్పుడు కంచె ఇటూ అటూ నిలబడి, ఒకరి భాష ఒకరికి రాకుండానే, ఇద్దరూ గంటలు గడిపేవారు. ఆవిడ తన మడిలో కాలర్డ్ ఆకు కోసిచ్చేది. అమ్మ దానితో పప్పు వండి పంపేది. అందులో ఎండుమిరపకాయలు ఎక్కువయ్యాయని ఆవిడ చేతులతో విసురుకుని చూపిస్తే, అమ్మ ఆ అభినయాన్ని నెలరోజులు మా అందరికీ చేసి చూపింది.

పది గంటలప్పుడు, వేడి 158 దగ్గర కదలకుండా మొండికేసిన సమయంలో, అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "దాంట్లోకి ఏం పెడతారు వాళ్ళు?"

క్యాబేజీ పచ్చిగా సన్నగా తరిగి, వెనిగర్, పంచదార కలిపి మాంసం మీద పెట్టి, బన్నులో పెట్టుకుని తింటారని చెప్పాను.

"పచ్చిగానా? తాలింపు కూడా లేకుండా?" అని నిట్టూర్చి, "సర్లే, క్యాబేజీ ఇలా తే" అంది.

సూట్‌కేసులో పెట్టి తెచ్చుకున్న కత్తిపీట తీసి, ఓవెన్‌కు వీలైనంత దూరంగా, భోజనాల గదిలో కాగితం పరుచుకుని కూర్చుంది. నేను ఎదురుగా కూర్చుని క్యారెట్ కోరాను. మా అమ్మ క్యాబేజీ తరిగితే దారాల్లా పడుతుంది. ఏ యంత్రమూ అలా తరగదు. సగం క్యాబేజీ అయ్యాక, తల ఎత్తకుండానే అడిగింది.

"నీతో చదివినవాడు, ఆ చెరువుగట్టు పిల్లాడు, వాడి పేరేమిట్రా?"

చెప్పాను. ఆవిడ ఆ పేరును ఒకసారి తనలో తాను అనుకుంది.

"వాళ్ళమ్మ ఒకసారి మనింటికి వచ్చింది. నువ్వు బడికెళ్ళావు. పిల్లలిద్దరూ మాట్లాడుకోవడం లేదట, మావాడేమైనా తప్పు చేశాడా అమ్మా, అని అడిగింది."

ఇది నాకు ఇన్నేళ్ళూ తెలియదు. "ఏమన్నావు?" అన్నాను.

"నాకు తెలీదన్నాను. అరుగు మీద నిలబడే మాట్లాడాను. ఆవిడ కింద నిలబడింది." కత్తిపీట మీద చెయ్యి ఒక క్షణం ఆగింది. "రెండు బుట్టలు కొన్నాను. ఇంట్లో అప్పటికే నాలుగున్నాయి."

ఇంకేమీ అనలేదు. మిగతా సగం కూడా తరిగింది. నాకూ ఏమనాలో తెలియలేదు. నేను వెళ్ళి ముందు వరసలో కూర్చున్నందుకు ఒక తల్లి మా గుమ్మం దాకా వచ్చి, తన కొడుకు చేసిన తప్పేమిటని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో ఇద్దరే. ఒకరు తెలీదన్నారు, ఒకరు బడిలో ఉన్నారు.

పని ఆగదు కదా. తరిగిన క్యాబేజీలో చెంచాడు ఉప్పు కలిపి అరగంట పక్కన పెట్టి, దిగిన నీటిని గట్టిగా పిండేశాను. ఇలా చెయ్యకపోతే కోల్‌స్లా సాయంత్రానికి నీరుకారి, బన్ను ముద్దవుతుంది. క్యారెట్, రెండు చెంచాల పంచదార, పావు కప్పు వెనిగర్, పక్కింటావిడ పద్ధతిలో నాలుగు చెంచాల మయోనైజ్, చిటికెడు సెలరీ గింజలు వేశాను. ఆ గింజలు వాముకు దూరపు చుట్టాలు. నలిపి వాసన చూసి అమ్మ తలూపింది. కోల్‌స్లా అన్నది డచ్చి మాట. కోల్ అంటే క్యాబేజీ, స్లా అంటే సలాడ్. కొవ్వు నిండిన మాంసానికి పక్కన ఇలా పుల్లగా, చల్లగా, కరకరలాడేది ఒకటి ఉండాలన్న తెలివి అన్ని దేశాలవాళ్ళకూ ఉంది. పందికి పులుపు జత అన్నదీ అంతే. కొడగులో పంది కూరకు కాచంపులి అనే నల్లటి పులుపు వేస్తారు, గోవా విందాలూకు వెనిగర్ పోస్తారు.

పులుసు ముందు రోజే కలిపి సీసాలో పోసి ఉంచాను. రెండు కప్పుల యాపిల్ సైడర్ వెనిగర్, చెంచాడు ఉప్పు, చెంచాడు బ్రౌన్ షుగర్, మిరియాల పొడి, పలుకులుగా దంచిన ఎండుమిరప. పొయ్యి మీద పెట్టే పని లేదు. ఒక రాత్రి ఊరితే చాలు. నేను గుంటూరు మిరప వేస్తాను. అది తన దగ్గర నేర్చుకున్నది కాదని ఆయన ప్రతిసారీ గుర్తు చేస్తారు.

పదకొండున్నరకు మాంసాన్ని ఫాయిల్‌లో చుట్టాను. మూడున్నరకు లోపలి వేడి 201. బయటికి తీసి, పాత తువాళ్ళలో చుట్టి, మూత ఉన్న ఐసుపెట్టెలో, ఐసు లేకుండా, గంటసేపు ఉంచాను. ఈ గంట తగ్గించకూడదు. ఆ లోపల ఊరిన రసం మళ్ళీ కండలో సర్దుకుంటుంది. నాలుగున్నరకు విప్పి ఎముక పట్టుకుని లాగితే, ఒక్క పోగు కూడా అంటుకోకుండా తెల్లగా బయటికొచ్చింది. అదే గుర్తు. రెండు ఫోర్కులతో విడదీస్తుంటే మాంసం పోగులు పోగులుగా విడిపోయింది. అడుగున దిగిన రసంలో పైకి తేలిన కొవ్వు తీసేసి, మిగిలింది మాంసంలో కలిపి, పైన కప్పుడు పులుసు పోశాను. నల్లగా వేగిన పైపొరను చిన్న ముక్కలు చేసి అందులోనే కలిపాను. పన్నెండు గంటల వంటలో రుచంతా ఆ నల్లటి ముక్కల్లోనే ఉంటుంది.

పెద్ద స్టీలు గిన్నెలో మాంసం, ఇంకో డబ్బాలో కోల్‌స్లా, ఒక సంచీలో బన్నులు. ఆయన ముందు వసారాలో, ఇద్దరు కూర్చునే ఉయ్యాల బల్ల మీద ఒక చివరగా కూర్చుని ఉన్నారు. ఓదార్పు మాటలు నాకు ఇంగ్లీషులో సరిగా రావు, తెలుగులోనూ రావు. బన్ను తెరిచి మాంసం, దాని మీద కోల్‌స్లా పెట్టి చేతికిచ్చాను. రెండు ముద్దలు తిన్నారు. నమలడం ఆపి కాసేపు వీధివైపు చూశారు.

"ఇంకాస్త వెనిగర్ పడాలి" అన్నారు.

లోపలికెళ్ళి తన సీసా తెచ్చుకుని పోసుకున్నారు. ఆ శాండ్‌విచ్ పూర్తిచేసి రెండోది తనే చేసుకున్నారు. క్యాబేజీ వేలితో కొంచెం ఎత్తి చూసి, ఇంత సన్నగా ఎవరు తరిగారని అడిగారు. మా అమ్మ అన్నాను. ఆయన టోపీ తీసి మా ఇంటి వైపు తిరిగి ఒకసారి తల వంచారు. మా వంటింటి కిటికీలో ఎవరూ కనబడలేదు కానీ, తెర మాత్రం కదిలింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "తిన్నాడా?" అంది. "తిన్నాడు" అన్నాను.

నాలుగు రోజుల తర్వాత గిన్నె తిరిగి వచ్చింది. కడిగి, తుడిచి, దాని నిండా కాలర్డ్ ఆకు పెట్టారు. భార్య వేసిన మడిలోది. అమ్మ ఆకు తీసి తొట్టిలో వేసి, గిన్నె చేతిలో పట్టుకుని కొంతసేపు నిలబడింది. పంది మాంసం పట్టిన గిన్నె అది. దాన్ని గరాజ్‌లో పెట్టేద్దామా అని అడగబోయి ఆగాను. ఆవిడ దాన్ని ఒకసారి కడిగి, గట్టు మీద మిగతా గిన్నెలతో పాటే బోర్లించింది.